ఐదో ప్యానెల్

కొండమీద ఫకీర్లుండే తకియాకు మౌలాలి వచ్చి ఆరేళ్లయింది. అంతకుముందు టౌనులో ఇళ్లకు వైరింగు చేసేవాడు. అక్కడి పెద్ద ఫకీరు పక్కీరప్ప తాత దగ్గర శిష్యుడిగా చేరాక చాలా వదులుకున్నాడు గానీ, పనంటే తనకే తెలుసన్న ధీమాను మాత్రం వదులుకోలేకపోయాడు.

ఇప్పుడా ధీమాకే దెబ్బ తగిలింది. బావి కొండకింద ఉంది, తకియా కొండమీద. ఎవరో పుణ్యాత్ములు మోటారూ, నాలుగు పెద్ద సోలార్ ప్యానెళ్లూ ఇచ్చారు. ఒక్కోటి మూడువందల ముప్పై వాట్లు. బిగించిన రోజు నీళ్లు బాగానే ఎక్కాయి. ఇంకాస్త జోరుగా ఎక్కితే ఏం పోయిందనుకుని, మూలన పడున్న పాత వంద వాట్ల ప్యానెల్‌ను కూడా మౌలాలి అదే వరసలో కలిపాడు. ఐదింటినీ దండ గుచ్చినట్టు ఒకదానికొకటి తగిలించాడు.

నీళ్లు పెరగలేదు సరిగదా, బాగా తగ్గిపోయాయి.

రెండు రోజులు వైర్లు విప్పాడు, బిగించాడు, మోటారును తిట్టాడు. మూడోనాడు మీటరు పెట్టి చూస్తే సంగతి తెలిసింది. అలా దండగా కలిపినప్పుడు కరెంటు అన్నిటి గుండా పోవాలి. చిన్నది ఎంత పోనిస్తే పెద్దవి కూడా అంతే ఇవ్వగలవు.

పాతదాన్ని ఊడబీకి తెచ్చి తాత ముందు పడేశాడు.

"అంతా దీనివల్లనే తాతా. పనికిమాలిన సామాను. పాతసామాన్లవానికి వేసేస్తా."

తాత లేచి ఆ ప్యానెల్‌ను ఎండలో ఒక బండకు ఆనించాడు. పైనున్న దుమ్మును తువ్వాలుతో తుడిచాడు. లోపలికి పోయి, బ్యాటరీ మీద తిరిగే చిన్న ఫ్యాను తెచ్చాడు.

"దీనికి తగిలించు."

మౌలాలి తగిలించాడు. ఫ్యాను తిరిగింది.

"తిరుగుతాందే," అన్నాడు తాత.

"తిరుగుతాది తాతా. దీంట్లో లోపమేం లేదు. పెద్దవాటి వరసలో పెట్టింది నేను గదా."

తాత ఆ గాలికి కాసేపు కూచున్నాడు.

"ఈ మాట లాలెప్పకు చెప్పినావా?"



మోటారు రాకముందు నీళ్లు మెట్ల మీదుగా చేతులు మారి వచ్చేవి. ఐదారు మెట్లకొకరు నిలబడి కడవ అందుకోవాలి, పైవాడికి అందించాలి. పరుపులు కుట్టే లాలెప్పను కూడా మౌలాలే ఆ వరసలో నిలబెట్టాడు. పెద్దవాడు, చేతులు వణికేవి. ఆయన దగ్గర కడవ ఆగితే కింద అందరూ ఆగాలి. మూడేళ్ల కిందట ఒక పొద్దున, అంతమంది ముందర, మౌలాలి ఆయన్ను చెయ్యి పట్టి పక్కకు లాగాడు. నీతో ఏ పనీ కాదు, పోయి కూచో అన్నాడు. లాలెప్ప సాయంత్రం దాకా అక్కడే కూచున్నాడు. మరునాటినుంచి కొండ ఎక్కలేదు.

నీళ్లు మాత్రం ఆ రోజునుంచి తొందరగా ఎక్కాయి. అది చూసి మౌలాలి సంతోషపడ్డాడు కూడా. ఇప్పుడా సంతోషం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ మధ్యాహ్నమే కొండ దిగి లాలెప్ప ఊరికి పోయాడు. లాలెప్ప అరుగు మీద ఉన్నాడు. మౌలాలిని చూడగానే రెండు చేతులూ తువ్వాలు కింద పెట్టుకున్నాడు. వచ్చినవానికి నీళ్లిమ్మని లోపలున్న కోడలిని కేకేశాడు. నీళ్లకుండ ఆయన పక్కనే ఉంది.

"మామ సూదీ దారం పట్టి మూడేండ్లయిందన్నా," అంది కోడలు చెంబు అందిస్తూ. "నాతో ఏ పనీ కాదమ్మా అంటాడు."

మౌలాలి నీళ్లు తాగలేకపోయాడు.

"తప్పు నాది మామా," అన్నాడు. "నీలో ఏం లోపం లేదు. ఆ బరువు మోసే వరసలో నిన్ను నిలబెట్టింది నేను. నీకు తగిన పని నేను చూపించి ఉండాల్సింది."

లాలెప్ప మెల్లగా నవ్వాడు.

"నా మనసు నొచ్చుకుంటాదని అట్ల చెప్తాండావు. మంచోడివి నాయనా."

మౌలాలి ఇంకో రెండుసార్లు చెప్పి చూశాడు. లాలెప్ప తల ఊపుతూనే ఉన్నాడు. చేతులు మాత్రం బయటికి తీయలేదు.

పొద్దు వాలుతుండగా మౌలాలి తిరిగి కొండెక్కాడు. తాత వాకిట్లోనే ఉన్నాడు.

"చెప్పినావా?"

"చెప్పినా తాతా."

"నమ్మినాడా?"

"లేదు."

తాత మెట్ల వైపు చూశాడు.

"ఆ పొద్దు నువ్వు ఆయప్పను లాగినప్పుడు నేను గూడా ఆడనే ఉన్నా," అన్నాడు. "చూసి ఊరకుంటి. రేపు ఇద్దరం పోదాం."