మడ అడవిలో తోడికోడళ్ళు

అనగనగా సముద్రం పక్కన ఒక మడ అడవి. ఆ అడవికి గట్టి నేలంటూ లేదమ్మా, అంతా బురదే. చెట్లన్నీ బురదలోనే కాళ్ళు పెట్టుకుని నిలబడతాయి. పోటు వచ్చినప్పుడు సముద్రం నీళ్ళు కాలువల్లోకి ఎక్కుతాయి. ఆ తర్వాత మళ్ళీ దిగిపోతాయి. రోజూ వాటికదే పని.

ఆ అడవికి కాస్త దూరంలో ఒక ఊళ్ళో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవారు. తోడికోడళ్ళంటే అన్నదమ్ముల పెళ్ళాలన్నమాట. పెద్దావిడ వరహాలమ్మ, చిన్నావిడ నూకరత్నం. ఒకే ఇంట్లో ఉండేవారు, ఒకే పొయ్యి మీద వండుకునేవారు.

ఒకరోజు నూకరత్నం అన్నయ్య చెల్లెల్ని చూసిపోదామని ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. పొద్దున్న వండిన చేపల పులుసు కుండ నిండా ఉంది. అయినా వరహాలమ్మ పులుసు అయిపోయిందని చెప్పి, ఆయనకి మజ్జిగన్నంలో మాగాయ వేసి పెట్టింది. కుండ నిండుగా ఉండటం నూకరత్నం చూసింది. నా పుట్టింటివాళ్ళంటే ఇంత చులకనా అనుకుంది. ఆ సాయంత్రమే పొయ్యి వేరు పెట్టుకుంది. మాటలు మానేసింది.

అప్పుడు ఆగిన మాటలు అలా ఆగిపోయే ఉన్నాయి. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, పెళ్ళిళ్ళయ్యాయి. ఒకే పెరట్లో తిరుగుతూ కూడా ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు కాదు. ఏదైనా చెప్పక తప్పకపోతే గుంజకి కట్టేసిన దూడకి చెప్పేవారు. కొళాయి వచ్చిందే అని ఈవిడ దూడతో అంటే, ఆవిడ బిందె పట్టుకుని వెళ్ళేది. పాపం, దూడకేం తెలుస్తుంది?

ఇలా ఉండగా ఆడపడుచు మనవడి అన్నప్రాసనకి అందరూ వెళ్ళారు. మర్నాడు పొద్దున్నే పిల్లలంతా కలిసి పెద్దవాళ్ళని మడ అడవికి బయల్దేరదీశారు. అక్కడ సన్నటి పడవలున్నాయి, బెండకాయల్లా పొడుగ్గా. వాటిని కయాకులంటారు. ఒక్కోదాంట్లో ఇద్దరే పడతారు. అందరూ జంటలు జంటలుగా ఎక్కేశారు. చివరికి ఒక పడవ మిగిలింది. తోడికోడళ్ళిద్దరూ మిగిలారు.

మానేద్దామంటే అందరూ చూస్తున్నారు. అందుకని చీరలు ఎగదోపుకుని, లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఎక్కారు. ముందు వరహాలమ్మ, వెనక నూకరత్నం. దారి చూపించే అమ్మాయి గంగాభవాని. ఆ పక్క రేవు పిల్లే. తన పడవలో తను వాళ్ళ పక్కనే వచ్చింది.

నూకరత్నానికి నీళ్ళంటే భయం. తెడ్డుని గట్టిగా పట్టుకుంది. ముందావిడ కుడివైపు వేస్తే తనూ కుడివైపే వేసింది. అప్పుడు పడవ వెళ్ళి పొదలో దూరింది. రెండోసారి ఆవిడ తోసింది, ఈవిడ ఆపింది. పడవ గిర్రున తిరిగింది. ఆవిణ్ణి ఎడమవైపు వెయ్యమనమ్మా అని ఈవిడ భవానితో చెప్పింది. నేను వేస్తున్నదే ఎడమవైపని చెప్పమ్మా అని ఆవిడా భవానితోనే చెప్పింది. భవాని నవ్వు దాచుకుంది. మూడోసారి పడవ తిన్నగా వెళ్ళి బురద గట్టుకి అతుక్కుపోయింది.

ఈలోగా మిగతా పడవలు ముందుకి వెళ్ళిపోయాయి. కాలువలో నీళ్ళు దిగిపోవడం మొదలెట్టాయి. చూస్తుండగానే వాళ్ళ పడవ కింద బురదే మిగిలింది, భవాని పడవ కిందా బురదే.

కిందకి మాత్రం దిగొద్దని భవాని చెప్పింది. కాలు పెడితే నడుందాకా దిగిపోతుందట, లోపల గవ్వలు కోసేస్తాయట. మళ్ళీ పోటు వచ్చేదాకా కూర్చోవడమే, భయమేం లేదంది. చప్పుడు చెయ్యకుండా ఉంటే అడవిలో వాళ్ళే మనల్ని చూడ్డానికి వస్తారంది.

కూర్చున్నారు. ఎదురుగా వరహాలమ్మ వీపు. నూకరత్నం అలా చూస్తూ ఉంది. ఒకప్పుడు ఈవిడకి ఎంత పెద్ద ముడి ఉండేదో. ఇప్పుడు నిమ్మకాయంత అయింది. మెడ కింద ఎముక తెలుస్తోంది. ఎప్పుడు ఇలా అయిపోయిందో తనకి తెలియనే లేదు.

కాసేపటికి బురదలోంచి ఒక ఎర్రటి పీత బయటికొచ్చింది. దానికి ఒక చెయ్యి చిన్నది, ఇంకో చెయ్యి తనంత పెద్దది. ఆ పెద్ద చేత్తో రా రమ్మని పిలుస్తున్నట్టు ఊపింది. వరహాలమ్మ భుజాలు కదిలాయి. ఆవిడ నవ్వుతోందని నూకరత్నానికి వెనక నుంచే తెలిసిపోయింది. కొత్తకోడలిగా వచ్చినప్పుడు అత్తగారి చాటున ఇద్దరూ అలాగే నవ్వుకునేవారు.

ఆ తర్వాత చేపలొచ్చాయి. నీళ్ళలో కాదమ్మా, బురద మీద! రెక్కల్నే చేతులు చేసుకుని పాకుతూ, గెంతుతూ వచ్చాయి. ఓ పిల్లచేప గెంతబోయి వెల్లకిలా పడింది. అది చూసి చేప నడుస్తోందే అని నూకరత్నం భవానితో అంది. ఆ అనడమూ ముందావిడకి వినపడేటట్టే అంది.

ఆ తర్వాత అంతా సద్దుమణిగింది. అప్పుడు అవతలి గట్టు మీద వేర్ల మధ్య ఏదో కదిలింది. నల్లటి నున్నటి తల ఒకటి, దాని వెనక ఇంకొకటి. నీటికుక్కలు! తల్లి నోట్లో వెండిలా మెరుస్తూ చేప. వెనకాల పిల్లలు. పిల్లలు నడిచి దిగలేదు, బురద గట్టు మీద పొట్ట ఆనించి జర్రున జారాయి. కిందికొచ్చి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మళ్ళీ ఎక్కాయి, మళ్ళీ జారాయి.

వరహాలమ్మ అటు చూడటం లేదు, పీతనే చూస్తోంది. అయ్యో, వెళ్ళిపోతాయేమో! నూకరత్నం ముందుకి వంగి ఆవిడ భుజం పట్టుకుంది.

"అక్కా, అటు చూడు."

ఆ మాట అనేశాక గానీ తనేమందో నూకరత్నానికి తెలియలేదు. వరహాలమ్మ చూసింది. భుజం మీదున్న చేతిని తన చేత్తో అలాగే పట్టుకుంది. నీటికుక్కలు ఆడి ఆడి, తల్లి వెనకాలే పొదల్లోకి వెళ్ళిపోయేదాకా వదల్లేదు.

అప్పుడు వరహాలమ్మ వెనక్కి తిరక్కుండానే మెల్లిగా అంది.

"ఆ రోజు పులుసులో బల్లి పడింది, రత్నం. వండింది నువ్వు. మూత పెట్టడం మర్చిపోయావు. మీ అన్నయ్య ముందు ఆ మాట ఎలా అనను?"

మరి నాకైనా చెప్పొచ్చుగా అంది నూకరత్నం.

"చెబుదామనే వచ్చాను. తలుపేసుకున్నావు. ఆ తర్వాత నాకూ పంతం పట్టుకుంది."

నూకరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఒక్క తలుపు తీసి ఉంటే సరిపోయేదే అనుకుంది. భవాని ఎటో కొంగల్ని చూస్తున్నట్టు కూర్చుంది.

పొద్దు వాలేవేళకి పోటు వచ్చింది. బురద గీతల్లోకి నీళ్ళు సన్నగా పాకాయి. పీత కలుగులో దూరింది. పడవ ఒక పక్క లేచింది, రెండో పక్క లేచింది, ఆ తర్వాత మొత్తం తేలింది. ఆవిడ కుడివైపు వేస్తే ఈవిడ ఎడమవైపు వేసింది. పడవ తిన్నగా సాగింది.

ఇక మొదలయ్యాయమ్మా మాటలు! పిల్లల పురుళ్ళు, కోడళ్ళ వంటలు, మోకాళ్ళ నొప్పులు, అత్తగారి సణుగుడు. ఇన్నేళ్ళ మాటలూ ఒక్కసారే చెప్పుకోవాలి కదా మరి. రేవు వచ్చింది. గట్టు మీద ఇంటిల్లిపాదీ నిలబడి చేతులూపుతున్నారు. వీళ్ళు చూసుకోనే లేదు. మాట్లాడుకుంటూ, తెడ్లేసుకుంటూ, రేవు దాటి ముందుకి వెళ్ళిపోయారు. గంగాభవాని గబగబా తెడ్డేసుకుంటూ వెనకాలే వెళ్ళి, పెద్దమ్మగారూ, పిన్నిగారూ, రేవు వెనకాల ఉండిపోయిందండీ అని ఇద్దర్నీ వెనక్కి తీసుకురావాల్సొచ్చింది.

నీటికుక్క పొదలోకి,
ఎర్ర పీత బొరియలోకి,
కథ వెళ్ళింది కంచికి,
కళ్ళు వెళ్ళాలి నిద్దర్లోకి.