పంపినవాడు

చౌడప్ప చెప్పులు విడిచి గురువుగారి అరుగు మీద కూలబడ్డాడు. నమస్కారం పెట్టడం కూడా మరిచిపోయాడు. ఎనిమిది నెలలుగా కోర్టు చుట్టూ తిరిగి తిరిగి మనిషి సగమయ్యాడు.

లోపల మగ్గం చప్పుడు ఆగింది. నాగలింగప్ప మగ్గం గుంతలోంచి మెల్లగా లేచి, గోడ పట్టుకుని బయటికొచ్చాడు. నేత పని చేసుకుంటూనే నలుగురికీ మంచి మాట చెప్పే గురువాయన. డెబ్బై దాటాయి. మోకాళ్ళు అరిగాయి, ఒక కంట్లో పొర కమ్మింది. చౌడప్ప పన్నెండేళ్ళుగా ఆయన శిష్యుడు.

"ఏమప్పా, మొహం అట్లుంది?"

"రేపు పొద్దున వకీలు దగ్గర ఒక కాగితం మీద సంతకం పెట్టాల సామీ. పెడితే ఈ పీడ వదిలిపోతుంది. చెయ్యి ఆడడం లేదు."

ఊరి బయట చౌడప్పకు బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. పోయిన ఎండాకాలం అక్కడ పనిచేసే ఓబులేసు, లారీ నుంచి దించిన బండల్ని లోపలికి మోసే ఓపిక లేక రోడ్డు పక్క గోడకు ఆనించి నిలబెట్టాడు. టైలరు దస్తగిరి ఆ గోడ పక్కనుంచే నడిచిపోతున్నాడు. మూడు బండలు జారి అతని కుడి పాదం మీద పడ్డాయి. ఎముకలైతే అతుక్కున్నాయి గానీ పాదానికి మళ్ళీ బలం రాలేదు. మిషన్ తొక్కి బతికే మనిషి. నష్టపరిహారం ఇప్పించమని కోర్టుకెక్కాడు, చౌడప్ప మీద.

"గోడకు ఆనించొద్దని నూరుసార్లు చెప్పినా సామీ. వాడు నా మాట మీరినాడు. ఆ పొద్దు నేను ఊర్లోనే లేను, పెండ్లికి పోయింటి. బండను నేను ముట్టుకోలేదు, కోర్టుకెక్కేదాకా ఆ దస్తగిరి మొహం కూడా నాకు తెలీదు." చౌడప్ప తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "యజమాని వద్దన్న పనిని పనివాడు సొంతంగా చేసినాడని రాసి, ఓబులేసు చేత కూడా ఒప్పిస్తే చాలంటాడు వకీలు. అప్పుడు దస్తగిరి ఏం అడగాలన్నా ఓబులేసునే అడగాలంట."

"ఓబులేసు దగ్గర ఏముంది?"

"ఏముంటాది సామీ, బాడుగ కొట్టం." చౌడప్ప తల దించుకున్నాడు. మళ్ళీ ఎత్తాడు. "అయినా నా తప్పు యాడుందో మీరే చెప్పండి. ఉందంటే తల వంచుకుంటా."

గురువు గోడ పట్టుకుని లోపలికి పోయాడు. ఆయనకూ అలసటగానే ఉన్నట్టుంది. చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టాడు.

"తాగు. పోతా పోతా ఆ నిచ్చెన చివరింటి రంగప్పకు ఇచ్చి పో. ఇంటి పెంకులు సర్దుకుందామని తెచ్చుకుంటి. మోసే శక్తి లేదు నాకు. వీధిలో పడుగు చాపినారు, చూసుకోని పో."

ఇంతేనా అనుకున్నాడు చౌడప్ప. నీళ్ళు తాగి, నిచ్చెన భుజానికెత్తుకుని బయల్దేరాడు.

ఆ వీధిలోనే మగ్గం నేసే సుంకమ్మ పడుగు వీధి పొడుగునా చాపి ఉంది. గంజి పెట్టిన నూలుపోగులు వందలకొద్దీ, కర్రల మధ్య బిగించి, ఎండకు ఆరుతున్నాయి. సుంకమ్మ ఆ చివర కుంచెతో దువ్వుతోంది. చౌడప్ప గోడ వైపు ఒదిగి నడుస్తున్నాడు. జేబులో ఫోను మోగింది. వకీలే అయ్యుంటాడని చెయ్యి పెట్టాడు. భుజం మీద నిచ్చెన తిరిగింది. వెనక కొస పడుగు మీద పడింది.

పోగులు పటపటా తెగాయి.

"అయ్యో, నా పడుగు!" సుంకమ్మ కుంచె పారేసి పరిగెత్తుకొచ్చింది. "కండ్లు యాడ పెట్టుకోని నడుస్తాండావు? నాలుగు దినాల కష్టం!"

"కావాలని చేసినానా అమ్మా? వీధి పొడుగునా కట్టుకుంటే మనుషులు ఎట్ల నడవాల?"

అరుపులు విని నాగలింగప్ప బయటికొచ్చాడు. తెగి వేలాడుతున్న పోగులు చూశాడు. చౌడప్పను ఒక్క మాటా అనలేదు. ఇంట్లోకి పోయి కొబ్బరి చిప్పలో బూడిద తెచ్చుకుని, ఎండలో, పడుగు పక్కన చతికిలబడ్డాడు.

"తప్పు నాదే తల్లీ. అతుకుతా."

"నువ్వెందుకు సామీ? తెంపింది ఆ మనిషి కదా."

"పంపింది నేను."

పోగు జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుని తెగిన కొస వెతికి పట్టుకున్నాడు. దాని జతను వెతికాడు. రెండూ కలిపి మెలిపెట్టాడు. ఒక పోగయింది. చూపు ఆనక కొస జారిపోతే మళ్ళీ మొదటినుంచి వెతికాడు. కంట్లో నీళ్ళు కారుతుంటే భుజంతో తుడుచుకున్నాడు. సుంకమ్మ కాసేపు గొణిగి, తానూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

చౌడప్పకు అతకడం రాదు. తువ్వాలు విప్పి గురువు తల మీద నీడ పట్టి నిలబడ్డాడు. అరగంటయింది. గంటయింది. ముసలి వేళ్ళు ఇంకా కొసలు వెతుకుతూనే ఉన్నాయి. జేబులో ఫోను మోగి మోగి ఆగిపోయింది.

చౌడప్ప ఇక చూడలేకపోయాడు.

"లేయండి సామీ, మీకు దండం పెడతా. చూసుకోని పొమ్మని మీరు ముందే చెప్పినారు. మీ మాట వినకుండా పోయింది నేను. మీరు ఇంట్లో ఉండిరి, వీధిలో కూడా లేరు..."

అంటూ అంటూ ఆగిపోయాడు. నీడ పట్టిన చేతులు దిగిపోయాయి.

"ఆ కొస అందుకో," అన్నాడు గురువు.

చౌడప్ప కూర్చుని కొస అందించాడు. ఇంకొకటి అందించాడు. పది పదిహేను పోగులయ్యాక, చాలా మెల్లగా అడిగాడు.

"అయితే ఓబులేసుది తప్పే కాదా సామీ?"

"తప్పే." నాగలింగప్ప పోగు మీదినుంచి చూపు తిప్పలేదు. "వాణ్ని అడగాల్సింది నువ్వు. దస్తగిరి కాదు."

ఎండ వాలేవరకూ ముగ్గురూ ఆ పోగులతోనే ఉన్నారు. ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. పొద్దున వచ్చి అతుకుతానని సుంకమ్మకు చెప్పి గురువు లేవబోయాడు. మోకాళ్ళు లేవలేదు. చౌడప్ప చంకల కింద చేతులేసి లేపి, ఇంటిదాకా నడిపించాడు.

మర్నాడు పొద్దున చౌడప్ప వకీలు దగ్గరికి పోలేదు. దారి అడుక్కుంటూ దస్తగిరి ఇంటికి పోయాడు.

దస్తగిరి గడపలో కూర్చుని, ఒళ్ళో చొక్కా పెట్టుకుని చేత్తో కాజాలు కుడుతున్నాడు. కుడి కాలు పక్కకు చాపి ఉంది. చౌడప్పను చూసి ఆ కాలు లోపలికి లాక్కున్నాడు. రమ్మనలేదు. ఇన్నాళ్ళూ ఒకరినొకరు కోర్టు వరండాలో దూరంనుంచి చూసుకున్నవాళ్ళే.

చౌడప్ప చెప్పులు విడిచాడు. ఎండలో అలాగే నిలబడ్డాడు.

"ఆ బండలు నావి, దస్తగిరీ," అన్నాడు చివరికి. "పని చెప్పిందీ నేనే. జడ్జి ముందర కూడా ఇదే చెప్తా."

దస్తగిరి సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టాడు.  తర్వాత గడపలో కొంచెం పక్కకు జరిగాడు.