బొమ్మ కింద మారిన అడుగులు

అనగనగా ఒక అడవి ఉండేది. అందులో పులి కూడా ఉంది గానీ ఈ కథలో దానికి పనేమీ లేదు, కాబట్టి దాన్ని పడుకోనిద్దాం. మన కథ ఒక ముళ్ళపందిది. దాని పేరు సూదయ్య. సూదయ్య భార్య కంపమ్మ. వాళ్ళకి ఒక్కడే కొడుకు, బుల్లిముల్లు.

సూదయ్య రాసేవాడు. వీపు నిండా కలాలే కదా మరి! ఒక ముల్లు పీక్కుని, నేరేడు పళ్ళ రసంలో ముంచి, మోదుగాకుల మీద గుండ్రటి అక్షరాలు రాసేవాడు. ఏ గడ్డ ఏ నేలలో ఊరుతుంది, ఏ గడ్డ తింటే గొంతు దురద పెడుతుంది, ఎండాకాలంలో ఏ దుంపలో నీళ్ళుంటాయి, అన్నీ అతనికి తెలుసు. రాసిన ఆకుల్ని బొరియ ముందు తీగకి వేలాడదీసేవాడు. కావలసినవాళ్ళు వచ్చి చదువుకునేవారు. జంతువులకి చదువెలా వచ్చిందని మాత్రం నన్ను అడక్కండి. మాట్లాడటం వచ్చినవాళ్ళకి చదవడం ఎంతసేపు?

ఆ అడవిలో రాసేవాళ్ళు ఇంకొకరు కూడా ఉన్నారు. రేగమ్మ అనే ఉడుత. ఆమె వాగు అవతల మద్ది చెట్టు మీద ఉండేది. ఆమె అక్షరాలు వంకరటింకరగా ఉండేవి. కానీ బొమ్మలు బాగా వేసేది. తోకని పళ్ళ రసంలో ముంచి టేకు ఆకు మీద అటూ ఇటూ ఆడిస్తే చాలు, పువ్వు పువ్వులాగే, పిట్ట పిట్టలాగే వచ్చేసేది.

వాగు ఒడ్డున పెద్ద బండ ఒకటి ఉంది. నీళ్ళు తాగడానికి అందరూ అక్కడికే రావాలి. దాన్ని బొమ్మల బండ అనేవారు. ఎవరైనా ఏదైనా రాస్తే, దానికి తగిన బొమ్మ ఒకటి వేసి, తుమ్మ జిగురుతో ఆ బండకి అతికించేవారు. బొమ్మ కింద తమ పాదం బురదలో ముంచి ముద్ర వేసేవారు. ఆ పాదం ఎవరిదో వాళ్ళ ఇంటికి వెళితే ఆ సంగతంతా చదువుకోవచ్చన్నమాట. మీ అమ్మ ఫోన్లో బొమ్మల గోడ ఒకటి తెరుస్తుందే, ముగ్గు బొమ్మ నచ్చి దాని మీద వేలు పెడితే ఎవరిదో బ్లాగు తెరుచుకుని, ఆ ముగ్గు ఎలా వెయ్యాలో చెబుతుందే, అచ్చం అలాగే.

రేగమ్మ బొమ్మలు పెట్టడం మొదలుపెట్టాక మద్ది చెట్టు కింద సందడే సందడి. కుందేళ్ళు వచ్చాయి, జింకలు వచ్చాయి, ఎన్నడూ ఏదీ చదవని అడవిపందులు కూడా వచ్చాయి. సూదయ్య బొరియ ముందు ఆకులు గాలికి ఊగుతున్నాయి గానీ చదివే దిక్కు లేదు.

సూదయ్యకి కడుపు మండిపోయింది. ఉన్న మాట చెప్పాలి కదా, మామూలుగా మండటం కాదు, కడుపులో కుంపటి పెట్టినట్టే. రోజూ పొద్దున్నే వాగు దాటి, ఈత పొదల చాటున నక్కి, ఉడుత చెట్టు కిందికి ఎవరెవరు వచ్చారో చూసేవాడు. ఎవరైనా "భలే ఉందే!" అంటే చాలు, అతని వీపు మీద ముళ్ళన్నీ వాటంతట అవే లేచి నిలబడేవి. ఇంటికొచ్చి మొహం మాడ్చుకుని కూర్చునేవాడు.

"ఏమయ్యా, అన్నం సయించడం లేదా?" అని అడిగింది కంపమ్మ.

"ఆ ఉడుతకి ఒత్తు ఎక్కడ పెట్టాలో కూడా తెలీదు. దాని దగ్గరికి అంతమంది! నా దగ్గర ఈగ కూడా వాలట్లేదు."

"నువ్వూ ఒక బొమ్మ వేసి బండ మీద పెట్టుకోరాదూ? ఎవరొద్దన్నారు?"

"నేనా? బొమ్మ చూపించి పిలవాలా? సరుకున్నవాడికి సంత అరుపులెందుకే?"

"సరుకుందని తెలిస్తేగా వచ్చేది," అంది కంపమ్మ. సూదయ్య వినిపించుకోలేదు.

కానీ మాట మనసులో పడింది. ఒకరోజు ఎవరూ చూడకుండా తనూ బొమ్మ వేశాడు. గడ్డ బొమ్మ వేస్తే ఎవరు చూస్తారని, తేనెపట్టు బొమ్మ వేశాడు. బంగారు రంగు తేనె కారుతూ ఉంది. కింద తన పాదం ముద్ర కొట్టాడు.

మధ్యాహ్నానికి ఎలుగుబంటి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"తేనె ఎక్కడుందో రాశావటగా? ఏదీ?"

"తేనె సంగతి తర్వాత. ముందు కూర్చో. చేమదుంపల్లో రకాల గురించి ఎంత విపులంగా రాశానో చదువు."

ఎలుగుబంటి ఒక ఆకు చదివింది. ఇంకోటి చదివింది. చివరిదాకా తేనె చుక్క లేదు. ఆ ఆకుతోనే ముక్కు తుడుచుకుని, "పిలిచి మరీ చేమదుంప పెట్టావు గదయ్యా!" అని వెళ్ళిపోయింది. వెళ్ళి ఊరుకుందా? కనబడినవాళ్ళందరికీ చెప్పింది. సాయంత్రానికి అడవంతా నవ్వులు.

ఆ నవ్వులు సూదయ్యకి మరీ గుచ్చుకున్నాయి. తప్పు తన బొమ్మదని అనుకుంటే బాగుండేది. అలా అనుకోలేదు. "అంతా ఆ రేగమ్మ వల్లే. అది లేకపోతే అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు," అనుకున్నాడు. చూశారా, ఓర్వలేనితనం లెక్కలు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

మర్నాడు పొద్దున్న రేగమ్మ బండ మీద కొత్త బొమ్మ పెట్టింది. బండ చుట్టూ జనం. ఎప్పుడూ లేనంత మంది. అందరూ మెడలు చాచి చూస్తున్నారు. కంపమ్మ కూడా బుల్లిముల్లుతో నీళ్ళకి వచ్చి దూరం నుంచి చూసింది. సూదయ్య మాత్రం బొమ్మ చూడలేదు. జనాన్నే చూశాడు.

ఎండెక్కాక అందరూ నీడలకి వెళ్ళారు. కాస్త చల్లబడ్డాక ముద్ర ఎవరిదో చూసుకుని వెళ్ళి చదువుదామనుకున్నారు. బండ దగ్గర ఎవరూ లేరు. సూదయ్య మెల్లగా వచ్చాడు. బొమ్మ కింద రేగమ్మ చిన్ని పాదాల ముద్రని తడి ఆకుతో తుడిచేశాడు. తన కాలు బురదలో ముంచి అదే చోట ముద్ర కొట్టాడు. ఎంత హాయిగా అనిపించిందో! చాలా రోజుల తర్వాత ముళ్ళన్నీ వాలిపోయి వీపు మెత్తబడింది.

కాసేపటికి ఆ ముద్ర చూసి బొరియ ముందుకి జనం వచ్చేశారు. జింకలు, కుందేళ్ళు, ఒక ముసలి కణుజు దుప్పి. సూదయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"ఉచ్చు సంగతి ఏ ఆకులో ఉంది?" అని అడిగింది కణుజు.

"ఏ ఉచ్చు?"

"అదేంటయ్యా! వేటగాళ్ళ ఇనప తీగ ఉచ్చులో కాలు పడితే ఎలా తప్పించుకోవాలో రాశావుగా. బొమ్మలో ఉచ్చు వేశావు, కింద నీ పాదం ఉంది."

సూదయ్య తన ఆకుల్ని అటూ ఇటూ సర్దాడు. "అది... రేపు పెడతాను. ఈలోగా దుంపల గురించి..."

"మళ్ళీ దుంపలే!" అన్నాయి కుందేళ్ళు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. అయినా సూదయ్యకి పెద్దగా దిగులనిపించలేదు. నాకు లేకపోతే పోయింది, దానికీ లేకుండా పోయింది కదా అనుకున్నాడు. ఆ తృప్తితోనే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా కంపమ్మ రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. ఒంటి నిండా దుమ్ము.

"చెప్పు! తొందరగా చెప్పు!"

"ఏమిటే? ఏమైంది?"

"పిల్లాడి కాలు ఉచ్చులో పడింది. వెదురు డొంకలో. ఇనప తీగ. కొరికాను, నా పన్ను విరిగింది గానీ తీగ తెగలేదు. వాడు ఏడుస్తూ లాగుతున్నాడు, లాగేకొద్దీ బిగుస్తోంది. పొద్దున చూసిన బొమ్మ గుర్తొచ్చి బండ దగ్గరికి పోయాను. కింద నీ పాదం ఉంది! నా మొగుడే రాశాడు, ఇంక పిల్లాడికి భయం లేదని ఇంటికి పరిగెత్తుకొచ్చాను. ఏ ఆకులో రాశావు? చెప్పవేం?"

కంపమ్మ వేలాడుతున్న ఆకుల్ని ఒక్కొక్కటీ తిప్పి చూస్తోంది. గడ్డలు. దుంపలు. మళ్ళీ గడ్డలు.

"లేదే! ఇందులో లేదే!"

"నేను రాయలేదు," అన్నాడు సూదయ్య.

"మరి నీ పాదం?"

ఇక్కడ సూదయ్యకి అబద్ధమాడే వీలుంది. ఎవరో కొట్టారు, నాకేం తెలీదు అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ కంపమ్మ నోటి దగ్గర నెత్తురు చూశాడు, విరిగిన పన్ను చూశాడు.

"రేగమ్మ రాసింది. దాని ముద్ర చెరిపి నాది వేశాను. ఉచ్చు ఎలా విప్పాలో నాకు తెలీదు కంపమ్మా."

కంపమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టడానికి టైము లేదు. గిర్రున తిరిగి పిల్లాడి దగ్గరికి పరిగెత్తింది. సూదయ్య వాగు వైపు పరిగెత్తాడు. ముళ్ళపందులు అంత వేగంగా పరిగెత్తగలవని ఆరోజే తెలిసింది.

మద్ది చెట్టు కింద ఎవరూ లేరు. రేగమ్మ ఒక్కతే కూర్చుని తన ఆకులు ఒక్కొక్కటే తీసి మడుస్తోంది.

"అయ్యో, సూదయ్య మావా! నువ్వు నా దగ్గరికి వచ్చావా!" అంది ఆశ్చర్యంగా. "ఆలస్యమైపోయింది మావా. ఇంక రాయను. ఇవాళ ఒక్కరు కూడా రాలేదు. ఉచ్చు సంగతి సరిగ్గా రాయలేదేమో నేను. నీలాగ రాయడం నాకెక్కడొస్తుంది? గడ్డల గురించి అడిగినవాళ్ళని నీ దగ్గరికే పంపిస్తుంటాను."

సూదయ్యకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. కానీ కుంగడానికి కూడా సమయం లేదు.

"మా పిల్లాడు వెదురు డొంకలో ఉచ్చులో పడ్డాడమ్మా," అన్నాడు.

రేగమ్మ చేతిలో ఆకులు కింద పడేసింది. ఇంకేమీ అడగలేదు. కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకుతూ అతనికంటే ముందే వెదురు డొంక చేరింది.

బుల్లిముల్లు ఇంకా లాగుతూనే ఉన్నాడు. తీగ కండలోకి దిగిపోయింది. కంపమ్మ వాణ్ణి ఎలా పట్టుకోవాలో తెలీక చుట్టూ తిరుగుతోంది. ఎక్కడో కుక్కలు మొరిగాయి. ఆ వెనక మనుషుల మాటలు.

"లాగకు బాబూ! లాగితే నీ బలమే దాని బలం అవుతుంది," అంది రేగమ్మ. "అదిగో, తీగ కట్టిన మేకు. దాని వైపు జరుగు. దగ్గరికి, ఇంకా దగ్గరికి. భయమేస్తుంది, తెలుసు. నేనిలాగే ఉచ్చులో పడ్డప్పుడు నాకూ వేసింది. జరుగు."

వాడు ఏడుస్తూనే మేకు వైపు జరిగాడు. బిర్రుగా ఉన్న తీగ వదులైంది. రేగమ్మ ముడి దగ్గర చిన్ని గోళ్ళు దూర్చి వెనక్కి తోసింది. ఉచ్చు కొంచెం తెరుచుకుంది. ఇంకొంచెం. కాలు బయటికొచ్చింది.

కంపమ్మ వాణ్ణి ముందుకి తోసుకుంటూ పొదల్లోకి దూరింది. వేటగాళ్ళు వచ్చేసరికి డొంకలో ఖాళీ ఉచ్చు, నాలుగు మెత్తటి ముళ్ళు మాత్రమే మిగిలాయి.

బొరియ చేరాక సూదయ్య తను చేసిన పనంతా రేగమ్మకి చెప్పాడు. తల ఎత్తకుండా చెప్పాడు.

"అయితే నా రాత బాగానే ఉందా మావా?" అని అడిగింది రేగమ్మ.

"నేను చదవలేదమ్మా. ఇన్నాళ్ళూ నీది ఒక్క ఆకు కూడా చదవలేదు. నీ దగ్గరికి ఎవరొస్తున్నారనే చూశాను."

రేగమ్మ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆమె అరిచి ఉంటే సూదయ్యకి కాస్త తేలికయ్యేది.

బుల్లిముల్లు బతికాడు. కానీ తీగ లోతుగా కోసింది. ఆ కాలు ఈడుస్తూనే నడిచేవాడు. ఇంకాస్త ముందే విప్పి ఉంటే అంత కోసేది కాదని అందరికీ తెలుసు. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

సూదయ్య బండ దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా తన ముద్ర చెరిపాడు. రేగమ్మని పిలిచి ఆమె ముద్ర ఆమె చేతే వేయించాడు. ఆమె మళ్ళీ రాస్తోంది, మద్ది చెట్టు కింద మళ్ళీ సందడి. సూదయ్య కూడా బండ మీద ఒక మూల బొమ్మ పెట్టాడు. ఈసారి గడ్డ బొమ్మే. వంకరగా వచ్చింది, దానికి అంటుకున్న మట్టిని కూడా గీశాడు. అందరూ వస్తున్నారు, ముద్ర ఎవరిదో చూస్తున్నారు, పక్క బొమ్మకి వెళ్ళిపోతున్నారు. కణుజు అయితే తన పిల్లలకి ఆ ముద్ర చూపించి, "ఇది గుర్తు పెట్టుకోండి. ఈ పాదం వెనక వెళ్ళకండి," అని చెప్పింది. సూదయ్య విన్నాడు. కాదనలేదు.

ఒకరోజు కంపమ్మ నీళ్ళకి వచ్చి ఆ బొమ్మ ముందు ఆగింది.

"గడ్డ బొమ్మ వేశావు. వెళితే గడ్డ గురించే ఉంటుందా?"

"ఉంటుంది."

"చూస్తాను," అంది. ఇల్లు తనదే, దారి తనకి తెలిసిందే. అయినా ఎవరో కొత్తవాళ్ళలా బొరియ ముందుకొచ్చి నిలబడి, ఆకు మొదటినుంచి చివరిదాకా, ఎక్కడైనా అబద్ధముందేమోనని వెతుక్కుంటూ చదివింది. సూదయ్య పక్కన నిలబడి చూశాడు.

"ఉంది," అంది కంపమ్మ. అంతకు మించి ఏమీ అనకుండా పిల్లాడి కాలికి పసరు రాయడానికి లోపలికి వెళ్ళింది.

నీతి: అసూయతో ఒకరి దారి చెరిపి మన అడుగు వేస్తే, ఆ తప్పుదారిలో అందరికంటే గట్టిగా నమ్మి పరిగెత్తుకొచ్చేది మనవాళ్ళే.