నొక్కి పలికే పల్లకీ

నాగులవరం జమీందారుకు తెల్లదొర ‘కైండ్ హార్టెడ్’ అని బిరుదిచ్చాడు. దయగల గుండెవాడని అర్థమట. ఇకమీదట పల్లకీ మోసే బోయీలు ‘ఓహోం ఓహోం’ మానేసి, అడుగుకో ముక్కగా ‘కైండ్, హార్, టెడ్’ అనాలని జమీందారు హుకుం.

“నడిమి ముక్క నొక్కి పలకండి, అడుగూ నొక్కి వెయ్యండి. చివరి ముక్క తేలిగ్గా పడాలి. తప్పితే కొరడా దెబ్బలే!”

వాగు నడుమ ‘హార్’ అని నొక్కేసరికి బోయీల కాళ్ళు బురదలో దిగబడ్డాయి.

“నడవండ్రా!”

“‘టెడ్’కి కాలు తేలిగ్గా రావట్లేదు దొరా. తప్పు పలికి దెబ్బలు తినలేం,” అన్నాడు ముందు బోయీ గవరయ్య.

నిలబడ్డకొద్దీ కాళ్ళు ఇంకా దిగబడి, పల్లకీలోకి నీళ్ళొచ్చాయి.

“రక్షించండ్రా!”

“చిత్తం. ఇందులో ఏ ముక్క నొక్కమంటారు?”

“ఓహోం! ఓహోం!” అని గొంతు చించుకున్నాడు జమీందారు.