సాలెగూడు నిండా సందులెందుకు?

ఒకప్పుడు సాలెగూటికి సందులుండేవి కావు. సాలీళ్లన్నీ చీర నేసినంత దట్టంగా గూడు అల్లేవి.

వాటిలో నూలమ్మ అనే సాలీడు పనితనమే వేరు. రేగుకంప మీద ఆమె అల్లిన గూటిలోంచి వాన చినుకు కూడా దూరేది కాదు. "నీ అంత చిక్కగా ఎవరల్లుతారమ్మా!" అని మిడతలు మెచ్చుకునేవి.

ఆ ఏడు నూలమ్మకు పిల్లలు పుట్టారు. ఆవగింజలంత పిల్లలు. వాళ్లకు చలేస్తుందని గూటి మీద గూడు అల్లింది.

ఆషాఢంలో గాలి వచ్చింది.

"చెల్లీ, కాస్త సందు ఇవ్వు, వెళ్లిపోతాను" అంది.

"సందు వదిలితే పిల్లలు తడిసిపోరూ? నువ్వే చుట్టూ తిరిగి పో అన్నా!"

"వెనక నుంచి వాన తరుముతోందే! ఆగడం నా వల్ల కాదు."

నూలమ్మ వినలేదు. ఉన్న ఒక్క కంతనూ దారంతో బిగించేసింది. గాలి ఆగినంతసేపు ఆగింది. గూడు కడవలా ఉబ్బి, ఫట్టుమని చిరిగింది. పిల్లలతో సహా ఎగిరిపోయింది.

నూలమ్మ కొమ్మకొమ్మకూ పరుగెత్తి పిలిచింది. ఎవరూ పలకలేదు.

వాన వెలిశాక గాలి తిరిగొచ్చింది, తల వంచుకుని.

"నా పిల్లలేరీ?"

"ఏటి మీద కొందరు, చేల మీద కొందరు జారిపోయారు చెల్లీ. నా చేతిలో ఏదీ నిలవదు."

కంప మీద నాలుగు దారాలే మిగిలాయి. వాటి మధ్య నుంచి గాలి మెల్లగా వెళ్లింది. ఒక్క దారమూ తెగలేదు.

నూలమ్మ అది చూసింది. "నువ్వడిగింది ఇంతేనా?"

"ఇంతే చెల్లీ."

నూలమ్మ కుళ్లికుళ్లి ఏడ్చింది. తిండి మానేసింది. కానీ పిల్లలు తిరిగొస్తే ఇల్లుండాలి కదా! మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. ఒక దారం, పక్కన ఖాళీ. మళ్లీ దారం, మళ్లీ ఖాళీ. ఖాళీ వదిలినప్పుడల్లా మూసేద్దామని దారం లాగి, మళ్లీ వదిలేసేది. ఆ గూడు మాత్రం ఎంత గాలికీ చిరగలేదు. అది చూసి మిగతా సాలీళ్లూ అలాగే అల్లసాగాయి.

ఒకనాడు దారం కదిలింది. "వచ్చారా!" అంటూ ఉరికింది. ఈగ. మరునాడు మళ్లీ కదిలింది. ఎండుటాకు.

పిల్లలు రానేలేదు.

అప్పటినుంచే సాలెగూటిలో దారం తక్కువ, ఖాళీ ఎక్కువ. అప్పటినుంచే ఆ దారం ఏ కాస్త కదిలినా, సాలీడు ఎక్కడున్నా పరుగెత్తుకొస్తుంది.