నెమలేటి గలగల

ఒకప్పుడు, పొద్దు వాలే వేళ, ముసురు పట్టి ఉన్నా సరే, నెమలేరు చప్పుడు చేసేది కాదు. రాళ్లమీదుగా కూడా మాట్లాడకుండా పారేది.

ఆ సీమలో కొండలు గొర్రెల్లా మేతకు వెళ్లేవి. నెమలేటికి నలుగురు పిల్లలు: పాలవాగు, రేగువాగు, గువ్వవాగు, అందరికన్నా చిన్నది చిట్టివాగు. పొద్దున్నే తలా ఒక కొండ వెంట వెళ్లేవి. చీకటి పడేలోపు అమ్మ ఒడిలోకి వచ్చి పడేవి.

"ఎక్కడ తిరిగొచ్చారే అని ఒక్కసారైనా అడగదేం!" అనేది రేగువాగు.

"నోటినిండా నీళ్లాయె. ఇంక మాటెక్కణ్ణుంచి వస్తుందే?" అని గువ్వవాగు నవ్వేది.

నెమలేరు నిజంగానే అడిగేది కాదు. ఒళ్లు నిండిందా లేదా, అంతే చూసుకునేది. నీళ్లు గట్టు తాకితే పిల్లలంతా ఇంట్లో ఉన్నట్టే.

ఒకరోజు పెద్ద వాన పడింది. సాయంత్రానికి నీళ్లు గట్టు తాకాయి. అందరూ వచ్చేశారనుకుని ఏరు కళ్లు మూసుకుంది.

తెల్లారేసరికి వాన వెలిసింది. నీళ్లు తీశాయి. ఒడ్డున జానెడు మట్టి బయటపడింది.

అది చిట్టి పడుకునే చోటు.

వాననీళ్లను చూసి బిడ్డే అనుకుంది, పిచ్చితల్లి.

"తమ్ముడూ, నా చిట్టి ఏది?" అని, చిట్టి రోజూ వెంట వెళ్లే చిన్నకొండను అడిగింది. ఏరు నోరు తెరవడం అదే మొదలు.

చిన్నకొండ తల దించుకుంది. "నా వెనకాలే వస్తోందనుకున్నా అక్కా. మేస్తూ మేస్తూ ఇసుక దాటేశా. వెనక్కి చూడలేదు."

ఏరు గట్టు తెంచుకుని ఇసుక దగ్గరికి పరిగెత్తింది.

"నా పిల్లను ఇచ్చెయ్యి."

"దాహమేసింది. తాగేశాను," అంది ఇసుక. "తాగింది తిరిగివ్వడం నాకు రాదు తల్లీ. నువ్వూ ఇక్కడ నిలబడకు. నిన్నూ తాగేస్తాను. పొద్దు వాలేసరికి మిగతావాళ్లు ఇంటికొస్తారు, వెళ్లు."

ఏరు నిలబడింది. పాదాలు ఇంకిపోతుంటే అప్పుడు వెనక్కి తిరిగింది.

ఆ సాయంత్రం రాళ్ల దగ్గర ఆగి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది.

అప్పటినుంచే నెమలేరు రాళ్ల దగ్గరికి రాగానే గలగలమంటుంది. వానొచ్చి గట్లు నిండినా ఆపదు. ఒడ్డున కూర్చుంటే మీకూ వినిపిస్తుంది.

"పాలవాగు? వచ్చింది. రేగువాగు? వచ్చింది. గువ్వవాగు? వచ్చింది."

చిట్టి పడుకునే చోటును ఒకసారి తడుముతుంది.

"ముగ్గురు. ముగ్గురొచ్చారు."