శేషాంబగారి కవరు

ప్రసూన రాసిన పాఠం మూడోసారి కూడా తిరిగొచ్చింది.

పాలకొల్లులో ఒక చిన్న మాంటిసోరి బడిలో ఆమె పంతులమ్మ. శిక్షణంతా పోస్టులోనే. నెలకో పాఠం రాజమండ్రి నుంచి వచ్చేది. జవాబు రాసి పంపితే శేషాంబగారనే పెద్దావిడ దిద్ది తిప్పి పంపేది. ఉత్తరాల మీద చదువేమిటని నవ్వకండి. ఆ రోజుల్లో ఉత్తరాల మీద పెళ్ళిళ్ళే కుదిరేవి. కొన్ని చెడేవి కూడాననుకోండి, అది వేరే కథ.

ఆరో పాఠం చెప్పుకోడానికి సులువే. ఒక పిల్లని అరగంట గమనించి, చూసింది రాయాలి. రాయడంలో ప్రసూన వీధికంతటికీ పెద్ద దిక్కు. కోడళ్ళు పుట్టింటికి రాయించుకునే ఉత్తరాలన్నీ ఆమె చేతిమీదే నడిచేవి. అవి చదివి తండ్రులు ఏడుస్తూ బస్సెక్కి వచ్చేవారట. అలాంటి మనిషి, చెక్క చట్రానికి బిగించిన గుడ్డకి గుండీలు పెట్టడం నేర్చుకుంటున్న నాలుగేళ్ళ పిల్ల గురించి ఎనిమిది పేజీలు రాసింది. గుండీ కాజాలో దూరక ఆ పిల్ల అవస్థ పడుతుంటే తన గుండె ఎలా చెరువైందో, తను వెళ్ళి ఎంత ఓపిగ్గా పెట్టి చూపించిందో, అన్నీ రాసింది.

మూడుసార్లూ చివర ఎర్రసిరాతో ఒకటే ముక్క: "పిల్ల ఏదీ?"

నెలాఖరు దగ్గరపడింది. ఈ పాఠం నెగ్గకపోతే పరీక్షకి పేరు వెళ్ళదు. పేరు వెళ్ళకపోతే తరగతిని ఇంకొకరికిచ్చేస్తామని బడి కమిటీవాళ్ళు మొహమ్మీదే చెప్పారు. "ఇవాళ అటో ఇటో తేల్చుకునే వస్తా" అని ఇంట్లో చెప్పి ప్రసూన రాజమండ్రి బస్సెక్కింది.

శేషాంబగారు వరండాలో బల్ల ముందు కూర్చుని ఉంది. కుడిచెయ్యి పక్షవాతానికి పడిపోయి ఒళ్ళో వాలి ఉంది. ఆ ఎర్రసిరా అక్షరాలు ఎందుకంత వంకరగా ఉండేవో ప్రసూనకి అప్పుడు తెలిసింది. అయినా వెనక్కి తగ్గలేదు.

"నా తప్పేమిటో చెప్పండి, టీచరుగారూ. దిద్దుకుంటాను. చెప్పందే ఇక్కణ్ణించి కదల్ను."

"కదలమని ఎవరన్నారు? కూర్చో. ముందు ఈ కవరు నాలుగింటి టపాకి వెళ్ళాలి. పరీక్షకి పంపే పేర్లు."

"అందులో నా పేరు..."

"లేదు."

శేషాంబగారు ఎడంచేత్తో కాగితం మడవబోయింది. అది జారి విప్పుకుంది. మళ్ళీ మడిచింది. కవరు నోరు తెరుచుకోలేదు. ఇక జిగురు సీసా సంగతి వాడినవాళ్ళకి తెలుసు: మూత రాదు, మూత వస్తే కుంచె రాదు.

ప్రసూన చటుక్కున అన్నీ లాక్కుని, కాగితం నాలుగు మడతలు పెట్టి, కవర్లో దూర్చి, అంటించి బల్లమీద పెట్టింది.

శేషాంబగారు జిగురు ఆరకముందే కవరు విప్పింది. కాగితం బయటికి తీసి, మడతలు సాపు చేసి, మళ్ళీ మొదలుపెట్టింది.

"అయ్యో, సరిగ్గానే పెట్టానండీ!"

"పెట్టావు. నేను పెట్టలేదు."

కాసేపటికి కాగితం కింద పడింది. ప్రసూన చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది.

"చేతులు దురదగా ఉంటే పెరట్లో తడిబట్టలున్నాయి అమ్మాయ్, వెళ్ళి ఆరెయ్."

ప్రసూన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటిమీద కూర్చుంది.

అప్పుడు చూసింది. ముసలావిడ మోచేత్తో కాగితం అంచు నొక్కిపెట్టి, బొటనవేలితో మడత గీసింది. రెండోసారికి జారలేదు. కవరుని గడ్డం కింద ఇరికించుకుని వేళ్ళతో దాని నోరు తెరిచింది. కాగితం అడ్డం తిరిగింది. ఆగి దానివంక చూసింది. విసుక్కోలేదు. కవరునే తిప్పింది. కాగితం దూరింది. జిగురు వేలికి అంటుకుంటే చీరకి తుడుచుకుని, కవరుమీద అరచెయ్యి ఆనించి, లోపల్లోపల ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి మొహం వెలిగిపోతోంది.

మూడు దాటింది.

"ఇదుగో కాగితం. చూసింది రాయి."

ప్రసూన రాసింది. అరపేజీ కూడా రాలేదు. ఇంకేమన్నా కలుపుదామని కలం ఎత్తి, కలపకుండానే ఇచ్చేసింది.

శేషాంబగారు ఒకసారి చదివింది. ఇంకోసారి చదివింది. తర్వాత, అంత కష్టపడి అంటించిన ఆ కవరుని పళ్ళతో పట్టుకుని పర్రున చింపింది. కాగితం తీసి, అయిదు పేర్ల కింద ఎడంచేత్తో వంకర టింకరగా ఆరో పేరు రాసింది.

సొరుగులోంచి కొత్త కవరు తీసింది.

గోడ గడియారంలో మూడున్నర. పోస్టాఫీసు రెండు వీధుల అవతల.

కాగితం జారి విప్పుకుంది. ముసలావిడ దాన్ని మళ్ళీ మోచేతి కిందికి లాక్కుంది.

ప్రసూన చేతులు కదల్లేదు.